ఈ ఆరు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఐసు పెట్టెకి ఎన్ని కిలోలు పడతాయో
ఇర్మా బారియాకి తెలుసు.
ఎనిమిదింటి పడవకి ఎంతమంది ఆడవాళ్ళు కావాలో,
బాయిలర్ ఎన్నింటికి వెలిగిస్తే
పదకొండుకి ఆవిరి అందుతుందో తెలుసు.
చెవి మీంచి పెన్సిల్ తీసి
అట్టముక్క మీద కూడి, తీసేసి,
"పన్నెండు మంది చాలు" అనేది,
రెండు రెళ్ళు నాలుగన్నంత మామూలుగా.
ఆ నిర్ణయాల్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.
తూకం దగ్గర గుమాస్తాని,
నేను కూడా.

చిలోయే దీవిలో వానని ఎవరూ లెక్కచెయ్యరు.
కానీ ఆ మార్చి సోమవారం
కెయ్యోన్ రేవులో నీళ్ళు
పలచటి టీ రంగుకి తిరిగాయి.
నాలుగు పడవలు జెట్టీకి కట్టి ఉన్నాయి,
వాటి కడుపుల్లో నలభై టన్నుల ఆల్చిప్పలు.

ఎర్రపోటే అయితే
ఉడికించినా చావని విషం అది.
ముందు పెదాలు తిమ్మిరెక్కుతాయి,
తర్వాత ఒంటికి ఊపిరి తియ్యడం మరుపొస్తుంది.
కాకపోతే,
అది ఒట్టి వానమట్టి.

నమూనా సీసా ప్వెర్తో మోంత్ చేరింది.
ప్రయోగశాల అమ్మాయి ఫోన్లో అంది:
దీవి మొత్తం సీసాలే మా ముందు,
మీది శుక్రవారం.
రేవు మూస్తున్నామని ప్రభుత్వం ఇంకా అనలేదు,
తెరిచే ఉంచమనీ అనలేదు.
రాజధాని నుంచి పైవాడు మాత్రం అన్నాడు:
రెండింటికల్లా లారీలు కదలాలి,
నీళ్ళు నమలకు.
ఆమె కిటికీలోంచి ఆ నీళ్ళకేసే చూస్తోంది.

ముసలి కోలివోరో వచ్చి చెప్పాడు:
పుట్టినప్పట్నించీ చూస్తున్నా, ఇది ఏటి బురద.
గజఈతగాడు నీబాల్దో చెప్పాడు:
పొద్దుట్నించీ ఒక్క పక్షి వాలలేదు.
ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు.

కంపెనీ శిక్షణలో నేర్పిన పట్టిక గీసింది.
నిలువునా విషం, మట్టి.
అడ్డంగా పంపితే, ఆపితే.
గడిగడికీ డబ్బు వేసింది.
పదింట ఆరు పాళ్ళు మట్టే, అని రాసి
పెన్సిల్ ఆపింది.
"రోలాందో, ఈ ఆరు ఎక్కణ్ణుంచి వచ్చింది?"
నాకేం తెలుసు.
"నాకూ తెలీదు. ఆరు కావాలనుకున్నాను, వచ్చేసింది."
రబ్బరుతో తుడిస్తే కాగితం చిరిగింది.
ఒక గడిలో ఆమె డబ్బు వెయ్యలేకపోయింది:
మనకి తెలీని ఊళ్ళో ఎవరి పిల్లో
ఇంకో గరిటె పులుసు అడుగుతోంది.

ఒకటీ నలభైకి బయటికొచ్చింది.
తాళ్ళు మళ్ళీ నీళ్ళల్లోకి దించండి,
ఇవాళ్టి కూలి ఇస్తాను.
ఎవరి డబ్బుతో, అని ఎవరూ అడగలేదు.
గొంతు గట్టిగా లేదు, వణకనూ లేదు,
పన్నెండు మంది చాలు అన్న గొంతే.

శుక్రవారం కాగితం వచ్చింది.
విషం లేదు.

అప్పటికి మూడోవంతు తాళ్ళ మీదే చచ్చాయి.
పైనుంచి ఉత్తరం, జీతంలో కోత.
పడవలవాళ్ళు ఆమె వినేట్టుగానే
పిరికిది, అన్నారు.
ఆమె ఆ కాగితం రెండుసార్లు చదివి
"ఇది సోమవారమే ఉంటే నేనెందుకు,
నీ తూకం యంత్రం చాలు" అంది నాతో.

తప్పా అది?
ఇన్నేళ్ళకీ తూచలేను.
ముల్లు శుక్రవారం వైపుకే పోతుంది,
నేను దాన్ని సోమవారానికి లాక్కొస్తుంటాను.

ఇంకొకటి ఎవరికీ చెప్పలేదు.
ఆ సోమవారం రాత్రి తాళాలివ్వడానికి వెళ్తే
ఆమె వంటింటి బల్ల మీద ఓ గుప్పెడు ఆల్చిప్పలు,
ఆ పడవలవే,
ఉడికి నోళ్ళు తెరుచుకుని.
చేతిలో చెంచా.
నన్ను చూసి ఏమీ అనలేదు.
తాళాలు గుమ్మం మీద పెట్టి వచ్చేశాను.

మంగళవారం ఆరున్నరకే గేటు దగ్గర నిలబడ్డాను.
ఏడింటికి వచ్చింది, చెవి మీద పెన్సిల్.
ఐసు ఎన్ని పెట్టెలుంది, అనడిగింది.